ఎవురెవురి ఇనుమో

కుప్పం, బుధవారం

అమ్మా,

నేను బాగుండాను, బయపడొద్దు. ఫోన్లో అయితే బ్లడ్ క్యాన్సర్ అనే మాట వస్తానే నువ్వు ఏడుపు ఎత్తుకుంటావు, నేను చెప్పేది ఇనవు. అందుకే కార్డు రాస్తాండాను.

నువ్వు పంపించిన ఇనుము టానిక్కు ఈడ ఆసుపత్రిలో డాక్టర్లు తాగొద్దన్నారు. ఒంట్లో దాగిన ఇనుము ఎంతుండాదో ఫెరిటిన్ అనే పరీక్షతో కొలిచినారు. ఉండాల్సినదానికంటే శానా రెట్లు ఉండాదంట. "రక్తం లేకనే గదా ఈడికొచ్చింది, ఇంత ఇనుము యాడిదమ్మా?" అంటి. ల్యాబులో పనిచేసే అశ్విని చెప్పింది: "రోగంతో కూడా పెరుగుతాదక్కా. కానీ ఎక్కువ నీకు ఎక్కించిన రక్తంలోదే. ఆ రక్తం కొన్ని నెలలకు సచ్చిపోతాది. దాంట్లో ఇనుము మాత్రం పోదు. దాన్ని బయటికి పంపే దోవ ఒంటికి లేదు, దాచిపెట్టుకుంటాది."

అది ఎవురి రక్తమో పేర్లు చెప్పకూడదంట. అంగళ్లు ఊర్లో కాలేజీ పిల్లోళ్లదో, పుంగనూరు ఆటోవాళ్లదో, మన చేన్లో కలుపు తీసేవాళ్ల బిడ్డలదో. పొద్దున్నుంచి నా చెయ్యి వెలుతుర్లో పెట్టుకోని సూస్తా కూసోనుండాను. వాళ్లంతా ఈడనే ఉండారమ్మా, యాడికీ పోరు.

ఆవు ఈనిందా? శెనక్కాయలు ఎండబెడితివా? నాయన్ను బీపీ మాత్రలు మాననీయొద్దు, అడిగినానని చెప్పు.

ఇంకొకటి. కూలోళ్లకని పంచలో విడిగా బోర్లించి పెట్టిండావే గ్లాసు, దాన్ని ఇంట్లోకి తెచ్చిపెట్టు. నేనొచ్చినాక నాకు దాంట్లోనే నీళ్లియ్యి.

నీ కూతురు
రెడ్డిరాణి