ఆకుపచ్చ బ్యూక్‌లో బుధవారాలు

సాల్ట్ డ్రా, టెక్సస్
1974 అక్టోబరు 28, సోమవారం

పూజ్యులైన బర్డ్‌వెల్ అమ్మగారికి,

హోలిస్ టర్న్‌బో నమస్కరించి రాసేది. మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేనూ బాగానే ఉన్నాను, మోకాలు తప్ప. మీ వారి ఫుట్‌బాల్ జట్టులో ఆడుతూ విరగ్గొట్టుకున్న మోకాలే. మబ్బు పట్టినప్పుడల్లా మా పాత కోచ్‌ని గుర్తు చేస్తుంది.

అసలు సంగతి. సెప్టెంబరు నుంచి ప్రతి బుధవారం సాయంత్రం మా బడి మైదానం కంచె పక్కన ఒక ఆకుపచ్చ బ్యూక్ కారు ఆగుతోంది. స్టీరింగ్ ముందు మీ ఆడబడుచు నడీన్ గారు నిద్రపోతుంటారు. వెనక సీట్లో మీరు అద్దం దించి, మా కుర్రాళ్ళ వైపే తిరిగి, ఎర్ర ఊలుతో ఏదో అల్లుతుంటారు.

ఇన్నాళ్ళూ ఊరుకున్నాను, రోడ్డు అందరిదీ కనక. ఇప్పుడు లెక్క వేరు. ఇంకా రెండు ఆటలున్నా, మీ విభాగంలో మీ ప్రూయిట్, మా విభాగంలో మేం గెలుస్తామని ఇక్కడి కుక్కలకి కూడా తెలుసు. అంటే నవంబరు 22న నాకౌట్‌లో ఎదురుబొదురు మనమే. మీ జట్టు కోచ్ స్వయానా మీ మనవడు క్లే. మంగలి షాపులో నన్ను అడుగుతున్నారు, "ఏం కోచ్, ఆవిడ అల్లేది స్వెట్టరా, మన ఎత్తుల పటమా?" అని. ఏం చెప్పమంటారు?

మైదానం చుట్టూ కొత్తవాళ్ళెవరూ లేరు. దాణా కొట్టు వెనక ఆగే తెల్ల పికప్పు, ఒక కుక్క, మీరు. పికప్పు కొట్టువాళ్ళది. కుక్క మాది.

మీ పాత విద్యార్థి,
హోలిస్

తా.క. నేను కుర్రాళ్ళని తిట్టే తిట్లు మీ చెవిన పడి ఉంటే క్షమించండి. అది మీరు క్లాసులో నేర్పిన ఇంగ్లీషు కాదు.


ప్రూయిట్
అక్టోబరు 31, గురువారం

చిరంజీవి హోలిస్‌ని ఆశీర్వదించి లియోనా బర్డ్‌వెల్ రాయునది.

నీ ఉత్తరం అందింది. తేదీ, వారం రెండూ సరిగ్గా వేశావు. నేను నేర్పినవాటిలో అదొక్కటైనా నిలిచినందుకు సంతోషం.

వారానికొకసారి అరవై మైళ్ళు తిప్పకపోతే కారు బ్యాటరీ చచ్చిపోతుందని మెకానిక్ చెప్పాడు. మా ఇంటి నుంచి మీ కంచెకి ముప్పై ఒక్క మైళ్ళు. తిరిగి రావడానికి మరో ముప్పై ఒకటి. రెండు మైళ్ళు బ్యాటరీకి కానుక. బుధవారమే ఎందుకంటావేమో. ఆ రోజు సాయంత్రం మా ఊళ్ళో ప్రార్థనలుంటాయి కనక క్లే పొద్దున్నే ప్రాక్టీసు ముగించేస్తాడు. తరవాత ఇంటి ఛాయలకు రాడు. నన్ను వెతికేవారుండరు.

ఇక గూఢచర్యం. నా భర్త ఇరవై ఆరేళ్ళు ప్రూయిట్ జట్టుని నడిపించారు. ఒక్కనాడూ ఎవరి కంచె దగ్గరా నిలబడలేదు. నేను నిలబడతానని ఎలా అనుకున్నావు? నేను కూర్చుంటాను. అది వేరు.

నేను అక్కడికి వస్తున్నట్టు క్లేకి తెలియదు, తెలియనక్కర్లేదు. ప్రూయిట్ కోచ్ నాయనమ్మ సాల్ట్ డ్రా కంచె పక్కన కాలక్షేపం చేస్తోందంటే నేను చర్చిలో తలెత్తుకోలేను.

ఇట్లు,
లియోనా బర్డ్‌వెల్

తా.క. నిన్న నువ్వెవరినో "మీ నాయనమ్మ నీకన్నా గట్టిగా అడ్డుకుంటుంది రా!" అని అరిచావు. ఆ మాట నేను 1931 నుంచి వింటున్నాను. మనవలున్న ఆడవాళ్ళందరి తరఫునా ఇప్పుడు చెబుతున్నాను. మేము అడ్డుకోలేము. మోకాళ్ళ నొప్పులు.


సాల్ట్ డ్రా
నవంబరు 7, గురువారం

గౌరవనీయులైన బర్డ్‌వెల్ గారికి,

బ్యాటరీ అన్నారు. నమ్మాలని నిజంగా ప్రయత్నించాను.

పోయిన వారం బుధవారం మావాళ్ళు ఒక కొత్త ఎత్తు ఆడారు. డానీ బంతిని కుడివైపు పరిగెత్తేవాడికి ఇచ్చినట్టే నటించి, తుంటి వెనక దాచుకుని, తానే ఎడమవైపు పరుగు తీశాడు. బాగా చూసే ఉంటారు. మీ మనవడికి నిదానంగా, వివరంగా వర్ణించి చెప్పండి. నాకేం అభ్యంతరం లేదు.

ఆ ఎత్తు మొదలవగానే మీ సూదులు ఆగాయి. అయిపోయాక రెండు ఎర్ర కుట్లు, ఒక తెల్ల కుట్టు పడ్డాయి. మా సహాయ కోచ్ బైనాక్యులర్స్ పెట్టి చూసి మరీ చెప్పాడు. మామూలు స్వెట్టర్లో మధ్యలో ఒకే ఒక్క తెల్ల కుట్టు ఎందుకొస్తుందమ్మా?

అందుకే నిన్న రోడ్డువైపు కంచె పొడుగునా పత్తి బళ్ళ టార్పాలిన్ కట్టించాను. దాణా కొట్టువైపు వదిలేశాను, అటు మనవాళ్ళే కదా అని. ఆ పరదా చూసి మీరు వెనక్కి తిరుగుతారనుకున్నాను. మీరు దానికి ఎదురుగా రెండు గంటలు కూర్చున్నారు. పైగా నవ్వుతూ! టార్పాలిన్‌ని చూసి మురిసిపోయే మనిషిని నా జన్మలో చూడలేదు.

అప్పుడు వెలిగింది. మీరు చూడటం లేదు, వింటున్నారు. ఎత్తుల పేర్లన్నీ నా కేకల్లోనే ఉంటాయి. కాబట్టి వచ్చే బుధవారం నుంచి మా మైదానంలో ఒక్క మాట వినబడదు. అంతా చేతి సైగలే.

విధేయుడు,
హోలిస్ టర్న్‌బో

తా.క. ఈ పద్ధతి ఇంట్లో కూడా పాటిస్తే రోజూ ఆపిల్ పై చేసి పెడతానంటోంది మా ఆవిడ.


ప్రూయిట్
నవంబరు 14, గురువారం

హోలిస్ టర్న్‌బో,

నిన్న మీ మైదానం పక్కన రెండు గంటలు కూర్చున్నాను. ఒక కేక లేదు, ఒక తిట్టు లేదు. బూట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒకసారి ఎవరో తుమ్మారు. ఆ నిశ్శబ్దానికి నడీన్‌కి మెలకువ వచ్చింది. "ఏమైంది వదినా, ఎవరైనా పోయారా?" అంది. అవునన్నాను.

నాకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. డిసెంబరులో లబ్బక్‌లో ఆపరేషన్. ఈ ఉత్తరం భూతద్దం పెట్టుకుని రాస్తున్నాను. కారు ముక్కు దాటితే నాకేమీ కనబడదు. మీ జట్టు నాకు ఒక నీలం పొగ. టార్పాలిన్ కట్టావని నువ్వు రాస్తేనే తెలిసింది, ఆ రోజు పొద్దు త్వరగా వాలిందనుకున్నాను. తెల్ల కుట్టంటావా, ఏ ఉండ చేతికొచ్చిందో తెలియక వేశాను. మీ సహాయ కోచ్‌ని ఆ బైనాక్యులర్స్ దించమను.

మా ఆయన ఆర్విల్ పోయి నాలుగేళ్ళయింది. ఆయన ఫోటోలు ఇంటినిండా ఉన్నాయి, ఇప్పుడవి కనబడవు. గొంతు ఎక్కడా దాచుకోలేదు. దాచుకోవచ్చని మాకు తోచలేదు. సెప్టెంబరులో నడీన్ గుమ్మడికాయలకోసం నన్ను మీ ఊరు తీసుకొచ్చి, మీ కంచె పక్కన కారు ఆపింది. లోపలినుంచి, "నేల నిన్నేం కరవదు రా, పడు!" అని వినబడింది. అదే విరుపు. చివర అదే చిన్న దగ్గు. పదిహేడేళ్ళ వయసులో ఆయన దగ్గర నువ్వు పట్టుకున్నది, నీకే తెలియకుండా నీ గొంతులో ఉండిపోయింది. ఆ రోజు మేము గుమ్మడికాయలు కొనకుండానే తిరిగి వచ్చాము.

క్లే మంచి కోచ్. కానీ పళ్ళ డాక్టరులా మాట్లాడతాడు. పిల్లవాడు బంతి జారవిడిస్తే, "మరోసారి ప్రయత్నిద్దామా?" అంటాడు.

ఇది ఎవరికీ చెప్పవద్దు. నీ గొంతు నాకు అరువు, హోలిస్. అంతకుమించి నిన్నేమీ అడగను.

లియోనా బర్డ్‌వెల్

తా.క. తుమ్మిన పిల్లవాడికి రుమాలు ఇప్పించు.


సాల్ట్ డ్రా
నవంబరు 16, శనివారం

అమ్మా,

మీ ఉత్తరం సామాన్ల గదిలో హెల్మెట్ల మధ్య కూర్చుని చదివాను. డానీ వచ్చి, "కోచ్, కళ్ళు అట్లా ఎర్రబడ్డాయేంటి?" అన్నాడు. మైదానంలో గీతలకు వేసే సున్నం పడిందిరా అన్నాను.

టార్పాలిన్ నా చేత్తోనే పీకేశాను. ఇంకో సంగతి కూడా చెప్పేయాలి. ఆ ఎడమవైపు పరుగు ఉత్తుత్తిదమ్మా. మీరు మీ మనవడికి చేరవేస్తారని, మీకోసమే అల్లిన అబద్ధం. అసలు ఆటలో దాన్ని ఆడే ఉద్దేశమే లేదు. మీకు కనబడనే లేదంటే, ఆ రోజు మేం గాలికి నాటకం వేశామన్నమాట. ఈ సంగతి మాత్రం క్లే దగ్గర అనకండి.

ఒకటి గుర్తొచ్చి మనసు బాగాలేదు. 22న ఓడినవాళ్ళ పని ఆ రోజుతో సరి. మేం ఓడితే మర్నాడే సామానంతా ఉతికి తాళం వేస్తాం. ఆగస్టు దాకా నా నోటికీ తాళమే. మేం గెలిచామా, క్లే ఉద్యోగం పోయేట్టుందని వింటున్నాను. మరి మీరు ఎవరి వైపమ్మా?

మీ హోలిస్

తా.క. మీరు వింటారని తెలిశాక అరవడం కష్టంగా ఉంది. నిన్న ఒకడితో పొరపాటున "దయచేసి" అన్నాను. జట్టంతా బెదిరిపోయింది.


ప్రూయిట్
నవంబరు 21, గురువారం

చిరంజీవి హోలిస్‌కి,

నిన్న రెండు గంటలూ విన్నాను. బాగా అరిచావు. చివరికి గొంతు బొంగురుపోయింది. ఉప్పునీళ్ళు పుక్కిలించు.

ఎవరి వైపని అడిగావు. అది అడగవలసిన ప్రశ్న కాదు. నేను ప్రూయిట్ మనిషిని. రేపు ఎర్ర కోటు వేసుకుని ప్రూయిట్ వైపు కూర్చుని, క్లే కోసం చప్పట్లు కొడతాను. వాడు గెలిస్తే తొమ్మిది నెలలు నాకు బుధవారాలుండవు. ఆ లెక్క వేసుకునే రాస్తున్నాను. నాలుగేళ్ళు గడిపినదాన్ని తొమ్మిది నెలలు గడపలేకపోను.

నీ అబద్ధపు ఎత్తు గురించి క్లేతో అనలేదు. ఆదివారం భోజనాల దగ్గర నాలుక చివరిదాకా వచ్చింది. బఠాణీలతోపాటు మింగేశాను. వాడు ఉప్పుబుడ్డినీ మిరియాలబుడ్డినీ బల్లమీద అటూ ఇటూ జరుపుకుంటూ ఏదో లోకంలో ఉన్నాడు. వాళ్ళ తాతా అంతే.

ఇట్లు,
లియోనా బర్డ్‌వెల్

తా.క. దీనితో పంపిన పొట్లంలో మఫ్లర్ ఉంది. క్లేకి మొదలుపెట్టాను, కానీ వాడి గొంతుకి వచ్చిన ఆపద ఏమీ లేదు. ఎర్ర రంగు తప్ప మా ఇంట్లో వేరే ఊలు దొరకదు. తెల్ల కుట్టుకి అర్థమేమీ లేదు.


సాల్ట్ డ్రా
నవంబరు 23, శనివారం

అమ్మా,

పద్నాలుగు, పదమూడు. మీ మనవడికి అభినందనలు. మనస్ఫూర్తిగానే చెబుతున్నాను, పొద్దుటినుంచి సాధన చేశాక.

మీకు కనబడి ఉండదు కనక చివరి నిమిషం చెబుతాను. బంతి మా చేతిలో, గీతకి నాలుగు గజాల దూరం, దాటితే గెలుపు. నేను నేరుగా తోసుకుపొమ్మని సైగ చేశాను. డానీ నా మాట పక్కనబెట్టి ఆ ఉత్తుత్తి ఎత్తు ఆడాడు! దాన్ని ఎప్పుడూ ఎవరిమీదా ప్రయోగించలేదు. ఏ జట్టయినా కుడివైపు పరిగెత్తి మోసపోవాలి. మీవాళ్ళు ముగ్గురు, బస్సు కోసం కాచుకున్నట్టు ఎడమవైపు నిలబడి ఉన్నారు. డానీ వెళ్ళి వాళ్ళ ఒళ్ళో పడ్డాడు.

తరవాత వాడు ఏడుస్తూ, "కోచ్, మనం ఆడినవాటిలో నాకు నచ్చింది అదొక్కటే" అన్నాడు. ఏమంటాను? నేర్పినవాణ్ణి నేనే.

కానీ ఒక్కటి అంతుబట్టడం లేదు. మీకు కనబడదు. నడీన్ గారు నిద్ర. పోనీ నేను రాసింది మీరు క్లేకి చెప్పారనుకుందామన్నా, అబద్ధమని తెలిసినవాడు దానికోసం ఎందుకు కాచుకుంటాడు? మరి వాళ్ళకెలా తెలిసింది?

ఇవాళ సామాను లోపల పెట్టి తాళం వేశాం. దాణా కొట్టాయన బండిలో వెళ్తూ పలకరించాడు. ఆయన బండి నీలంది. మరి ఆ తెల్ల పికప్పు ఎవరిదో, నేనెన్నడూ అడగనే లేదు. మైదానం బోసిపోయింది.

మీ హోలిస్

తా.క. మఫ్లర్ చొక్కా లోపల చుట్టుకున్నాను. అయినా కనబడింది. నాకిక జుట్టు కత్తిరించనని మంగలి ప్రమాణం చేశాడు.


ప్రూయిట్
నవంబరు 25, సోమవారం

చిరంజీవి హోలిస్‌కి,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. చివరి పేరా దగ్గర భూతద్దం ఆగిపోయింది. టెక్సస్‌లో తెల్ల పికప్పులకు కొదవలేదు. అందులో ఒకటి ప్రతి ఆదివారం మా వాకిట్లో ఆగుతుంది.

మధ్యాహ్నం క్లేని బడినుంచి పిలిపించాను.

"బుధవారం సాయంత్రాలు ఎక్కడికి పోతున్నావు?"

"ప్రాక్టీసుకి, నాయనమ్మా."

"ఎవరి ప్రాక్టీసు?"

కుర్చీ కిర్రుమంది. ఆ తరవాత వాడన్న మాట విను. "దాణా కొట్టు వెనకనుంచి నీ కారు ప్రతి వారం చూస్తూనే ఉన్నాను. నువ్వు కూడా మనకోసం వాళ్ళ ఎత్తులు కనిపెట్టడానికే వస్తున్నావనుకున్నాను. ఎంత గర్వపడ్డానో తెలుసా?"

ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఇంత సిగ్గు ఎన్నడూ పడలేదు.

మొదటిసారి దొంగచూపులకే వెళ్ళాడట. ఆ రోజు చలికి అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాడట. రెండోసారినుంచి అద్దం దించేశాడట. "తాతయ్య మైదానంలో ఉన్నట్టే ఉంది నాయనమ్మా" అన్నాడు. అది నిజమే అయి ఉంటుంది. కానీ ఎడమవైపు ముగ్గురిని నిలబెట్టిన మాట కూడా నిజమే.

జరిగిన ఆట వెనక్కి రాదు. వాడు ఎత్తుకుపోయింది నువ్వు కావాలని పారేసిన అబద్ధాన్నే. అయినా ఎత్తుకుపోవడం ఎత్తుకుపోవడమే. కాబట్టి ఎల్లుండి, బుధవారం నాలుగు గంటలకి, క్లే మీ మైదానం మధ్యలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడతాడు. నీకు, డానీకి తన తప్పు తన నోటితో చెప్పుకుంటాడు. ఆ తరవాత, వచ్చే ఆటకి తన పక్కన నిలబడమని నిన్ను అడగాలని వాడికి ఉంది. ఒప్పుకోవడం, మానడం నీ ఇష్టం. కానీ ముందుగా, ఆర్విల్ ఉంటే వాణ్ణి ఏమని ఉండేవారో అదంతా నువ్వు అనాలి. ఏదీ తగ్గించవద్దు. దయచేసి అనే మాట రానివ్వకు.

బ్యూక్ కంచె పక్కనే ఉంటుంది. అద్దాలు దించి ఉంటాయి.

ఆశీస్సులతో,
లియోనా బర్డ్‌వెల్

తా.క. నాయనమ్మ గట్టిగా అడ్డుకుంటుందన్న ఆ మాట మరిచిపోకు. వాడు పారిపోకుండా గేటు దగ్గర నేనే నిలబడతాను కనక, ఈసారి అది నిజం.