మంజూరైన సెలవును తిరస్కరించమని కోరుతూ

విదేశీ విద్యార్థుల విభాగం అధికారి గారి సముఖమునకు,
పాత కాగితాల సంరక్షణ కోర్సు విద్యార్థిని (కింది అంతస్తు వర్క్‌షాపు, కిటికీ పక్క బల్ల) రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: తమరు నాకు దయతో మంజూరు చేసిన నాలుగు వారాల సెలవును రద్దుపరచి, తిరస్కరణ ఉత్తర్వు ఇప్పించుట గురించి.

సూచిక: ఒకటి, లోపాలతో కూడిన నా సెలవు దరఖాస్తు. రెండు, అదే రోజు తమరు దాన్ని సరిదిద్ది ఇచ్చిన మంజూరు ఉత్తర్వు.

మీ కౌంటరు అద్దం మీద "మీ భాషలోనే రాయండి, మేము అనువదించుకుంటాం" అని అతికించి ఉన్నందున తెలుగులో రాస్తున్నాను. మీ భాషలో నాకు ధన్యవాదాలూ క్షమాపణలూ చెప్పడం వచ్చినంత బాగా వాదించడం రాదు. అనువదించే వారికి ఒక మనవి. నేను "తిరస్కరించండి" అన్న ప్రతిచోటా "తిరస్కరించండి" అనే రాయవలెను. పాపం పొరపాటున రాసి ఉంటుందిలే అని "మంజూరు చేయండి" అని దిద్దవద్దు. మీ కార్యాలయంలో అందరూ మంచివాళ్ళు. నా బాధంతా అదే.

1. నా వయసు నలభై అయిదు. ఈ కోర్సులో చేరకముందు పందొమ్మిదేళ్ళు ఒక ప్రభుత్వ కార్యాలయంలో అర్జీలు తీసుకునే సీటులో కూర్చున్నాను. వచ్చిన కాగితంలో తప్పు వెతికి వెనక్కి పంపడం నా పని. "తగు పత్రములు జతపరచనందున తిరిగి పంపడమైనది" అనే వాక్యం నిద్రలో లేపి అడిగినా రాసిస్తాను. కాగితం ఏ తప్పుతో వెళ్తే ఎన్నాళ్ళకు తిరిగొస్తుందో నాకు తెలిసినంతగా మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆ ధీమాతోనే మోసపోయాను.

2. మా అమ్మాయికి ఇది తొలి కాన్పు. డాక్టరు ఇచ్చిన తేదీకి నేటి నుంచి పందొమ్మిది రోజులున్నాయి. రమ్మని ఇంటి నుంచి ఒకటే ఒత్తిడి. "సెలవు అడిగాను, ఇవ్వలేదు" అని చెప్పగలిగితే చాలుననుకున్నాను. అందుకని చేతనైనన్ని తప్పులతో దరఖాస్తు నింపాను. డాక్టరు కాగితం పెట్టలేదు. సంతకం పెట్టవలసిన చోట ఫోను నంబరు రాశాను. 'నుంచి' తేదీ కంటే 'వరకు' తేదీ పది రోజులు ముందుంది. మా ఆఫీసులో అయితే అలాంటి కాగితాన్ని కౌంటరు దాటి లోపలికి రానిచ్చేవాళ్ళం కాదు.

తమరు నన్ను లోపలికి పిలిచి కుర్చీ చూపించారు.

"తేదీలు తారుమారయ్యాయి" అన్నారు.

"అవునండి. నిబంధన ప్రకారం తిరిగి పంపేయండి" అన్నాను.

"ఎందుకు, నేనే మారుస్తాను. సంతకం ఇక్కడ పెట్టండి."

"డాక్టరు కాగితం కూడా లేదండి."

"పరవాలేదు, తర్వాత పంపండి. మొదటిసారి అమ్మమ్మ అవుతున్నారు, కంగారు ఉంటుంది కదా."

అని కాగితపు రుమాళ్ళ డబ్బా నా ముందుకు జరిపారు. తమరిది మా అల్లుడి ఈడు. అంత చిన్న వయసులో అంత ఓపిక నేను చూడలేదు. పావుగంటలో ఉత్తర్వు చేతిలో పెట్టారు. పరీక్ష వచ్చే ఏడాది బ్యాచితో రాసుకోవచ్చని కింద చేత్తో రాశారు కూడా. ధన్యవాదాలు చెప్పి వచ్చేశాను.

(ఇక్కడ ఆపి, అదిమి ఆరబెట్టే ప్రెస్సులో ఉన్న కాగితానికి తడి పీల్చే అద్దుడు కాగితం మార్చి వచ్చాను. ప్రతి అరగంటకూ మార్చాలి. ఈ అర్జీ ఆ అరగంటల్లో నిలబడి రాస్తున్నది గనుక అక్షరం ఒక్క తీరుగా లేనందుకు మన్నించవలెను. కూర్చోవడం నా వల్ల కావడం లేదు. కాలు కాలిన పిల్లిలా పొద్దుటి నుంచీ బల్లకూ కిటికీకీ మధ్య తిరుగుతున్నాను.)

3. వచ్చే ఏడాది అనేది నాకు లేదు. మా శాఖ ఉద్యోగికి చదువు సెలవు జీవితంలో ఒక్కసారి, ఒక్క ఏడాదికి ఇస్తుంది. నా బల్ల మీద ఉన్నది వరదలో మునిగిన ఒక తపాలా ఆఫీసు బట్వాడా పుస్తకం. ఎవరి ఉత్తరం ఏ రోజు ఎవరి చేతికి అందిందో, తీసుకున్నవాళ్ళ సంతకాలతో సహా ఉంటుంది. నాకిచ్చిన రోజున అది పుస్తకంలా లేదు. అట్టలూ కాగితాలూ అంటుకుపోయి గట్టిపడ్డ ముద్ద. తోటి విద్యార్థులు దానికి 'ఇటుక' అని పేరు పెట్టారు. మొత్తం రెండు వందల పద్నాలుగు కాగితాలు. ఒక్కొక్కటీ ఆవిరి పట్టించి, పలచని చెక్క బద్దతో విడదీసి, అద్ది, చిరిగిన చోట పొర కాగితం పిండి జిగురుతో అతికించి, ప్రెస్సులో ఆరబెడుతున్నాను. నూట ముప్పయి ఒకటి అయ్యాయి. ఎనభై మూడు మిగిలాయి. రోజుకు నాలుగు చాలునని మా టీచరు చెప్పారు. ఆ లెక్కన ఇరవై ఒక్క రోజులు. పుస్తకం ముగిసిన మర్నాడు మౌఖిక పరీక్ష. గడువు నెలాఖరు. మధ్యలో వదిలేస్తే మిగిలినవి మళ్ళీ అంటుకుంటాయి, వేరొకరు చేయి పెడితే నాకు మార్కులు రావు. పరీక్ష దాటితే వ్యాసం ఒక్కటే మిగులుతుంది. దాన్ని ఎక్కడ కూర్చునయినా రాసుకోవచ్చు.

4. తమ ఉత్తర్వు అందిన రోజే ఇంటికి ఫోను చేసి "సెలవు ఇవ్వలేదు" అని అబద్ధం చెప్పాను. ముందే తయారుచేసి పెట్టుకున్న మాట, ఆపుకోలేకపోయాను. మావారు "నీ ఇష్టం" అన్నారు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో మా ఇంట్లో ఆ మాట నా ఇష్టం గురించి అన్నది ఒక్కసారీ లేదు. ఆయన అక్కగారు, అంటే మా వదినగారు, ఫోను లాక్కున్నారు.

"కన్నకూతురి పురుడంటే కాదనే ఆఫీసు ఎక్కడుందమ్మా? కాదన్నారంటే కాగితం ఇచ్చి ఉంటారుగా. అది పంపించు, చూద్దాం."

"వస్తుంది వదినా, టైపు అవుతోంది" అన్నాను.

ఆ టైపు అవుతున్న కాగితం తమ దగ్గర నుంచి రావలసి ఉన్నది. అదీగాక మా అల్లుడు మహా సాయగాడు. "మీరు అడగలేకపోయారేమో అత్తయ్యగారూ, నేను రాస్తాను, బతిమాలుతాను" అని తమ కార్యాలయం చిరునామా వెతికి పట్టుకున్నాడు. ఈ రోజో రేపో అతని మెయిలు తమకు చేరవచ్చు. దానికి తమరు జవాబిచ్చేలోగా నన్ను తిరస్కరించి ఉండాలి. విషయం ఇంత అత్యవసరం కావడానికి కారణం అదే.

5. దీనికి నంబరు వేయాలో వద్దో తెలియలేదు. వేశాను.

అమ్మాయి పుట్టినప్పుడు నేను డిగ్రీ మూడో ఏడు. పరీక్షలయ్యాక కదా కాన్పు అనుకున్నాం. నెల ముందే వచ్చేసింది, సరిగ్గా పరీక్షల వారంలో. రెండు పేపర్లు రాశాను, నాలుగు పోయాయి. ఆ నాలుగూ మళ్ళీ రాయడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఒక్కరోజు కూడా ఆ సంగతి తలచుకోలేదని చెప్పను. తలచుకున్నాను. దాని మీద కోపం మాత్రం రాలేదు. ఇప్పుడు మళ్ళీ అదే పరీక్ష, అదే పిల్ల, అదే కబురు. రాలేనని దాని మొహాన చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఆ మాట మీ ఆఫీసు ముద్రతో వెళ్తే బాగుండునని నా ఆశ.

రాలేనని కాదు, రాననుకుంటున్నానని కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాను. ఈ బల్ల దగ్గర నన్ను ఎవరూ త్వరగా కానివ్వమనరు. పందొమ్మిదేళ్ళు నేను కాగితాలు వెనక్కి పంపాను. ఇక్కడ ఒక్కో కాగితాన్ని వెనక్కి తెస్తున్నాను. నిన్న విడదీసినదాంట్లో ఒక సంతకం బయటపడింది, వేలిముద్ర పక్కనే కొత్తగా నేర్చుకున్న వంకర అక్షరాలతో. ఎవరో ముద్ర వేసి, మళ్ళీ మనసు మార్చుకుని సంతకం చేసినట్టున్నారు. ఎంతసేపు చూశానో తెలియదు. దీన్ని వదిలి వెళ్ళాలని లేదు. కన్నకూతురి దగ్గర ఉండాలనీ ఉంది. రెండూ ఒకేసారి ఉన్నాయి. అందుకే నిలవలేకపోతున్నాను.

(అద్దుడు కాగితం మార్చాను.)

కావున తమకు శ్రమ లేకుండా తిరస్కరణకు ఆధారాలు నేనే సమకూర్చుచున్నాను. సదరు దరఖాస్తులో తేదీలు తారుమారు. డాక్టరు కాగితం నేటికీ జతపరచలేదు, జతపరచే ఉద్దేశమూ లేదు. సంతకం తమ బలవంతం మీద పెట్టినది. వీటిలో ఏ ఒక్కటి చాలును. ముసాయిదా ఉత్తర్వు కూడా రాసి పెట్టాను, తమరు సంతకం చేస్తే సరిపోతుంది:

"సదరు విద్యార్థిని దరఖాస్తును క్షుణ్ణంగా పరిశీలించడమైనది. ఆమె లేనిదే పని ఆగిపోవును గనుక సెలవు నిరాకరించడమైనది. దీనిపై బంధువులెవరూ మళ్ళీ రాయనవసరం లేదు."

"ఆమె లేనిదే పని ఆగిపోవును" అన్నది దయచేసి తీసేయవద్దు. మా వదినగారు ఆ ముక్క చదవాలి.

పై సంగతులు చిత్తగించి, ఈ ఒక్కసారికి మనసు గట్టి చేసుకుని, కాదనవలెను.

తమ విధేయురాలు,
కిటికీ పక్క బల్ల విద్యార్థిని

తాజాకలం: అర్జీ కవరులో పెట్టి అంటించబోతుండగా అమ్మాయి ఫోను చేసింది.

"అమ్మా, ఆయన మెయిలుకి మీ ఆఫీసు వాళ్ళు జవాబిచ్చారు."

"ఏమని?"

"సెలవు పోయినవారమే ఇచ్చేశాం, హాయిగా వెళ్ళి రమ్మన్నాం అని. నాకు శుభాకాంక్షలు కూడా రాశారు."

అయ్యా, తమరు నలభై నిమిషాల్లో జవాబిచ్చారట. మా ఆఫీసులో నలభై రోజులకు ఇచ్చినా త్వరగా ఇచ్చినట్టే.

"వాళ్ళు కాదన్నారా, నువ్వు వద్దనుకున్నావా?" అని అడిగింది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్న వాక్యాలన్నీ నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ పనికిరాలేదు.

"నేనే" అన్నాను.

ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని అద్దుడు కాగితం మార్చాను. వేళ దాటిపోతోంది మరి.

"అత్తయ్యకి చెప్పావా?" అంది, మా వదినగారిని ఉద్దేశించి.

"లేదు."

"చెప్పకు. నేను చూసుకుంటా. నాకు మాత్రం కోపంగానే ఉంది" అంది.

"తెలుసు."

"ఇంకా ఎన్ని కాగితాలున్నాయి?"

"ఎనభై మూడు."

"రోజుకెన్ని చేస్తావు?"

"నాలుగు."

అవతల లెక్క వేసుకుంటున్నట్టు గొణిగింది.

"ఐదు చెయ్యి" అంది. పెట్టేసింది.

నేనూ లెక్క వేశాను. ఐదు చొప్పున పదిహేడు రోజులు. పద్దెనిమిదో రోజు పరీక్ష, ఆ సాయంత్రమే ప్రయాణం. పందొమ్మిదో రోజుకు అక్కడ ఉంటాను, పసివాళ్ళు మళ్ళీ తొందరపడకుండా ఉంటే. నా పని తొందరపెట్టడం ఆ పిల్లకు పుట్టకముందు నుంచీ అలవాటే. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తడి కాగితం పక్కన ఏడవకూడదని మా టీచరు మొదటిరోజే చెప్పారు గనుక కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఐదు చేయవచ్చా అని ఆమెనే అడిగితే, "చేతులు వణకనంతవరకు" అన్నారు.

కాబట్టి పై అర్జీని, తగు కారణములు మారినందున, నాకే తిరిగి పంపవలెను. బదులుగా వర్క్‌షాపు సాయంత్రం అయిదుకు మూసేయకుండా పదిహేడు రోజులపాటు ఏడింటిదాకా తెరిచి ఉంచమని చెప్పించండి. నా సెలవును పద్దెనిమిదో రోజు సాయంత్రం నుంచి వేయించండి. డాక్టరు కాగితం జతపరచాను. సంతకం పెట్టవలసిన చోటే పెట్టాను. ఈసారి తేదీలు సరిగానే ఉన్నాయి, తమరు దిద్దనవసరం లేదు.

ఇంకా రాద్దామనుకున్నాను. ఐదో కాగితానికి అద్దుడు మార్చే వేళయింది.