పొయ్యి బాబాయి ఇచ్చిన పుస్తకం

చెల్లాయికి అక్క దీవెనలు.

నేనూ నీ కూతురూ క్షేమం. ఈ మాట ప్రతి ఉత్తరంలోనూ అలవాటుకొద్దీ రాసేదాన్ని. ఇవాళ మాత్రం పక్కనున్న పిల్ల తల నిమిరి మరీ రాస్తున్నాను. మరిదిగారికి మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. పిల్ల వేళకు తింటోంది, కాకపోతే నిలబడి తింటోంది. నా దగ్గు తగ్గింది. లాండ్రీలో నువ్వు మొదలుపెట్టిపోయిన పుస్తకాల గుంపు ఇంకా నడుస్తోంది. మధ్యాహ్నం తిండి అయ్యాక దుప్పట్లు మడతపెట్టే బల్ల చుట్టూ చేరుతున్నాం. నా గొంతు అందరికీ వినబడుతోందా అని అడిగావు. గోడ అవతల బాయిలరు మీది వాల్వు ఆవిరి వదిలినప్పుడల్లా చదువు ఆపాల్సి వచ్చేది, నీకు తెలుసుగా. నాలాంటి సన్నగొంతుదాని చేతికి పుస్తకమే ఇచ్చేవాళ్ళు కాదు. ఆ రొద తగ్గించమని దేవుణ్ణి వేడుకున్నాను. పోయిన నెలలో ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోయింది. అప్పట్నుంచి నేనే చదువుతున్నాను. నా మొర విన్నాడని రోజూ దణ్ణం కూడా పెట్టుకున్నాను.

మొన్న నవల అయిపోయింది. తర్వాతి పుస్తకం ఎంచుకోవడం మన పాత పద్ధతే. వచ్చిన ప్రతి పుస్తకంలోంచీ ఒక పేజీ చదవడం, చేతులెత్తడం. నిన్న బల్ల మీద రెండు పుస్తకాలున్నాయి. అంతలో బాయిలరు చూసే పొయ్యి బాబాయి వచ్చాడు. మా వైపు ఎన్నడూ తొంగి చూడని మనిషి. నూనె మరకల పుస్తకం ఒకటి తెచ్చి వాటి పక్కన పెట్టాడు.

"దీన్ని కూడా కలపండమ్మా."

బల్ల దగ్గర పనిచేసే నవ్వుల వదిన దాన్ని తిరగేసి, "బాబాయ్, బొమ్మలన్నీ గొట్టాలే. హీరోయిన్ ఎక్కడుంది?" అంది.

"మడిచిన పేజీ చదవండి. నేను చెప్పాననొద్దు. మీ అంతట మీరు చదువుకున్నారు, అంతే."

వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

చదివాను. సేఫ్టీ వాల్వును కట్టేయకూడదు, దానిమీద బరువు పెట్టకూడదు అని ఉంది. లోపల ఒత్తిడి హద్దు మీరినప్పుడు అది తెరుచుకోకపోతే బాయిలరు పేలుతుందట. పక్క గోడ ఏమవుతుందో, ఆ గోడ దగ్గర ఉన్నవాళ్ళు ఏమవుతారో కూడా రాశారు. అది నీకు రాయలేను. నేను పుస్తకం దించేసరికి అందరం గోడకేసి చూస్తున్నాం.

"అది అరిచి ఎన్నాళ్ళయిందే?" అంది వదిన నెమ్మదిగా.

మేనేజరును అడగడానికి నేనే వెళ్ళాను.

"ఆవిరి ఊరికే పోతోందని తీగతో బిగించామమ్మా. కొత్త వాల్వు వస్తోంది. కథలు చదువుకోండని బల్ల ఇస్తే ఈ గొట్టాల గొడవ మీకెందుకు?" అన్నాడు.

"వచ్చేదాకా బాయిలరు ఆపండి బాబూ."

"ఆపితే ఆసుపత్రి దుప్పట్లు మీరు చేత్తో ఉతుకుతారా?" నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు చూశాక వెనక్కి తిరిగాను.

ఇక్కడిదాకా నింపాదిగానే రాశాను గానీ, అసలు సంగతి ఇంకా చెప్పలేదు. తిరిగొచ్చి చేతులెత్తమన్నాను. బాబాయి పుస్తకం ఎంచుకుంటే, ఆ తీగ విప్పేదాకా లోపలికి వెళ్ళం, గేటు బయటే కూర్చుని చదువుతాం అని ముందే అనుకున్నాం. మొదట లేచిన చెయ్యి నాది. రెండోది నీ కూతురిది. నన్ను చూసే ఎత్తింది. దాని ఇస్త్రీ యంత్రం ఆ గోడను ఆనుకునే ఉందని నీకెప్పుడూ రాయలేదు. ఇవాళ పొద్దున మా అందరితోపాటు దాని పనీ పోయింది. తిట్టాలనుకుంటే నన్ను తిట్టు, దాన్నేమీ అనకు.

గేటు ఎదుటి మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. వదిన చదువుతోంది. బాయిలర్లు తనిఖీ చేసే అధికారికి కబురు పంపాం, సోమవారం వస్తారట. పొగగొట్టం రోజూకంటే నల్లటి పొగ వదులుతోంది. బాబాయి లోపలే ఉన్నాడు. రమ్మంటే, "నేనూ వచ్చేస్తే బాయిలర్లో నీళ్ళు తగ్గకుండా ఎవరు చూస్తారమ్మా" అన్నాడు.

మా బదులు కొత్తవాళ్ళను తెచ్చారు. వాళ్ళలో ఒకామె, పాతికేళ్ళు కూడా ఉండవు, నా దగ్గర ఆగి, "ఏం పుస్తకమమ్మా అది?" అని అడిగింది. చెప్పేలోగా కాపలావాడు "పదండి పదండి" అంటూ లోపలికి తోలి గేటు వేసేశాడు. ఇప్పుడు కిటికీలోంచి ఆమె వీపు కనబడుతోంది. నీ కూతురి యంత్రం ముందు నిలబడి ఉంది.

వదిన పుస్తకం నా చేతికిచ్చింది. గేటు ఊచల దగ్గరికి వెళ్తున్నాను. ఆమె ఇటు తిరిగేదాకా చదువుతాను.

ఇట్లు,
నీ కూతుర్ని నా కొంగు వదలనివ్వని
మీ అక్క