సాంబ్రాణి వేయకండి

ఏవండీ,

నేను దుర్గాదేవి వదినతో గుడికి వెళ్తున్నాను. పప్పుచారు స్టవ్ మీద ఉంది. ఇన్‌హేలర్ పీల్చుకున్నాక నోరు పుక్కిలించండి, రోజూ మర్చిపోతారు. బయట గాలి ఘాటుగా ఉంది, కిటికీలు తీయకండి.

పోయిన శుక్రవారం నా ముచ్చట కోసం సాంబ్రాణి వేశారు. నేను మురిసేలోపే మీకు ఆయాసం వచ్చి ఆసుపత్రికి పరుగెత్తాం. ఇవాళ వేయకండి. ఫ్యాక్టరీ రోజుల్లో షిఫ్టు దిగి వచ్చి, గుమ్మంలోనే ఆ పొగ గుండెల నిండా పీల్చి, "అమ్మయ్య, ఇల్లు చేరాను" అనేవారు. నాకూ ఆ శుక్రవారాలే గుర్తొస్తుంటాయి. పొగ లేకపోతే అమ్మవారు రాదా? మీ ఊపిరి సంగతి ఆవిడకి మాత్రం తెలియదూ?

కనకం

ధూపం గిన్నె వెతక్కండి, వదిన వాళ్ళింట్లో దాచాను. ఇవాళ గుమ్మంలో ఆ మాట నేనంటాను. మీరు ఆయాసపడకుండా వచ్చి తలుపు తీయండి, చాలు.