మా హిమజ కన్నా ముందు

ఆళ్లగడ్డ, 14-6-1979

మా పాపకు హిమజ అనే పేరు తానే కల్పించానని ఈయన మూడేళ్లుగా అందరికీ చెబుతున్నారు. ఈ రోజు నంద్యాల బస్టాండులో ఒకామె "హిమజా, ఈడికి రా" అని పిలిస్తే పన్నెండేళ్ల పిల్ల వచ్చింది. ఆ పేరు ఎవరు పెట్టారని వాళ్లమ్మను అడిగాను.

"మాది గడివేములక్కా. బడిలో చేర్చేటప్పుడు సారే రాసినాడు. మా ఊర్లో ఇంకో ఇద్దరు హిమజలుండారు" అంది.

పెళ్లికి ముందు ఈయన పనిచేసింది ఆ బడిలోనే.

ఇంటికొచ్చి అడిగితే, "పిల్లల పేరేమంటే చిన్నక్క, పెద్దక్క అని చెప్పుకుంటా వస్తారు. రిజిస్టర్‌లో ఏదో ఒకటి రాయాల గదా, తోచింది రాసినా" అన్నారు.

ముగ్గురికీ అదొక్కటే ఎందుకు తోచింది? అసలు ఆ పేరు ఎవరిది?

అన్నానికి పిలవబోతే పాప పేరు నా నోట రాలేదు. "చిట్టీ" అన్నాను. ఈయన పేపరు దించి నా వైపే చూశారు. ఎందుకని మాత్రం అడగలేదు.