కాలు చాపిన పెంచలయ్య

తిరువొత్తియూరు, మద్రాసు

అత్తమ్మకు నీ కోడలు దండం పెట్టి రాసేది.

పెంచలయ్యను నీ దగ్గర నుంచి తెచ్చుకునేటప్పుడు నిన్ను నానా మాటలు అన్నాను. మనసులో పెట్టుకోవద్దు. బిడ్డ కాలికి తాడు ఒరుసుకుని పడ్డ పుండు చూసి ఒళ్లు తెలియలేదు. ఇక్కడ పక్కింటి కన్నాంబ కూడా, "ఏందమ్మా ఇది, మూడేళ్ల బిడ్డను దూడ మాదిరి కట్టేస్తారా?" అని అరిచింది. నువ్వు కలుపు తీయడానికి పోతే వాడు బావిలో పడతాడని గుంజకు కట్టావని చెప్పాను. వాడిని ఎత్తుకోవలసిన వాళ్లక్క రెడ్ల పశువుల వెంట పోతేనే మీకు గంజి అని మాత్రం చెప్పలేదు.

పుండు మానింది. కానీ తాడు లేకపోయినా వాడు ఇక్కడ మా గుడిసె గుంజను వదిలి రాడు. వీధిలో పిల్లలు పిలిచినా లేవడు.

నేను పనిచేసే ఫ్యాక్టరీలోకి పిల్లలను రానివ్వరు. కన్నాంబకూ పగలంతా పనే. మా గుమ్మం ముందే రైలు పట్టాలు. ఈ పొద్దున పాత చీర చింపి తాడు పేనుతుంటే వాడు నన్నే చూశాడు. గుంజ దగ్గరికి పోయి కూర్చొని, కాలు నా ముందుకు చాపాడు.

నీ కోడలు