కొసరు కాయల లెక్క

అమలాపురం, జూలై 1998. మంగళవారం రాత్రి.

చరిత్రలో నమోదు కావలసిన విషయం: ఫైనాన్స్ అప్రెంటిస్‌నైన నేను ఈరోజు ఒక ఉద్యోగం కాపాడేను. నాది కాదు, గోడౌన్ సత్యంగారిది.

హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి వచ్చిన మేనేజరుగారు కొబ్బరికాయలు లెక్కపెట్టిస్తే, బిల్లుల్లో రాసినదానికంటే ఎక్కువ తేలేయి. "ఎవరి సరుకు దాస్తున్నావయ్యా?" అని సత్యంగారిని నిలదీసేరు. ఆయన చేతులు నలుపుకుంటూ "ఆయ్, మన సరుకేనండి" అని అదే మాట తిప్పితిప్పి అన్నారు.

నేను గొంతు సవరించుకున్నాను. "సార్, ఇక్కడ రైతు వంద కాయలమ్మితే పైన నాలుగు కొసరు వేస్తాడండి. బిల్లు వందకే రాస్తాం. ఆ కొసరు కాయలే ఇవి."

మేనేజరుగారు వందకి నాలుగు చొప్పున కలిపి చూసుకున్నారు. సరిపోయింది.

"ఏ పుస్తకంలో ఉందిది?"

"మా నాన్నగారి కొబ్బరి రాశి దగ్గర నేర్చుకున్నానండి. బీకాంలో చెప్పలేదు."

ఆయన నవ్వేరు. ఇన్నాళ్ళూ "ఏరా బుల్లోడా" అన్న సత్యంగారు సాయంత్రం టీ ఇప్పించి "తీసుకోండి" అన్నారు. ఉబ్బిన నా ఛాతీ ఇంకా దిగలేదు.

ఒక్కటే గుబులు. రేపట్నుంచి బిల్లులో కొసరుకి వేరే కాలమ్ పెట్టమన్నారు మేనేజరుగారు, ఆ గీతలు నన్నే గియ్యమన్నారు. కాలమ్ అంటూ ఉన్నాక దాన్ని నింపి తీరాలంటారు. మా కంపెనీకే కాయలమ్మే నాన్నగారు ఇన్నేళ్ళూ ఇష్టంతో వేసిన ఆ నాలుగూ ఇకమీదట వెయ్యాల్సిందేనని, ఆయనకి నేనే చెప్పాలేమో...